చెవి పలక

మా వంటింట్లో నేల బండలు మారుస్తున్నారు. పొద్దున్నే వచ్చిన మేస్త్రీ నిన్న పరిచిన బండలన్నింటినీ వంగి వేలి కణుపుతో తట్టుకుంటూ పోతున్నాడు. టంగ్, టంగ్, టంగ్, బద్. "ఇది లోపల గుల్లగా ఉంది సార్, తీసి మళ్ళీ వెయ్యాలి" అన్నాడు. పైకి చూస్తే అన్నీ ఒకలాగే ఉన్నాయి. నేను గుమ్మంలో నిలబడి, చేతిలో కాఫీ చల్లారేదాకా, ఆ బండనే చూస్తూ ఉండిపోయాను. ఒంటరిగా బతికే ముసలివాడు, మాట్లాడే మనిషి దొరికాడని కదలడం లేదనుకొని ఉంటాడు మేస్త్రీ. అదీ కొంత నిజమే. కానీ ఆ కణుపు చప్పుడు నన్ను ఎక్కడికో తీసుకుపోయింది. మార్కాపురం బజారులో పలకలమ్మే చెన్నకేశవులు శెట్టి దుకాణంలోకి.

ముందే ఒప్పుకోవడం మంచిది. నేను మనస్తత్వ శాస్త్రం చదువుకున్నవాణ్ణి. ఆ శాస్త్రంలో నాకు తారసపడిన మూర్ఖుల్లో మొదటివాణ్ణి కూడా నేనే. ఒక మనిషి నా కళ్ళెదుట, నేను పడుకునే గది కిందే, రోజుకింత చొప్పున ఆరిపోతూ ఉంటే, ఆయన స్వభావం పరిపక్వమవుతోందని మంచి ఇంగ్లీషులో రాసి మా ఆచార్యుడికి పంపాను. మెచ్చుకుంటూ జవాబు కూడా వచ్చింది. మూర్ఖత్వానికి మెప్పు దొరికాక దాన్ని మూర్ఖత్వమని పోల్చుకోవడం ఎవరికైనా కష్టమే. నాకు ఇంకాస్త ఎక్కువ కష్టమైంది.

రాష్ట్రం కొత్తగా ఏర్పడిన రోజులు. మార్కాపురం అప్పటికింకా కర్నూలు జిల్లాలోనే ఉండేది. మనిషి స్వభావం వయసుతో మారుతుందా, పుట్టుకతో వచ్చింది పుడకలతోనే పోతుందా అని తేల్చడానికి మా ఆచార్యుడు ఒక పరిశోధన తలపెట్టి, శిష్యుల్ని తలా ఒక ఊరికి పంపాడు. ఒకే మనుషుల్ని కొన్ని నెలలకొకసారి అవే ప్రశ్నలడిగి, జవాబులకు మార్కులు వేసి పంపాలి. నాకు మార్కాపురం పడింది. కాలవ గట్టు మీద పుట్టి పెరిగినవాణ్ణి; నీళ్ళ ఊరి నుంచి రాళ్ళ ఊరికి వచ్చి పడ్డాను. పగలంతా ప్రశ్నలడిగి, సాయంత్రం గదికి వచ్చి గోడను చూస్తూ కూర్చునేవాణ్ణి. ఊళ్ళో అందరితో మాట్లాడేవాణ్ణే, నాతో మాట్లాడేవాడు మాత్రం లేడు. ప్రశ్నలడిగేవాడి బతుకు అంతే. వాణ్ణి ఎవరూ ఏమీ అడగరు.

అడిగినవాడు శెట్టి ఒక్కడే. ఆయన దుకాణం మీది గదే నేను అద్దెకు తీసుకున్నది. దుకాణం ముందు భాగం నిండా పలకలు. మార్కాపురం చుట్టుపక్కల నేల తవ్వితే నీళ్ళకన్నా ముందు పలక రాయి పడుతుందంటారు. ఎక్కడెక్కడి పిల్లలో ఓనమాలు దిద్దుకోబోయే పలకలు అక్కడ చెక్కపెట్టెల్లో, గడ్డి మధ్య పడుకొని రైలెక్కేవి. వెనక గదిలో అడవి సరుకు ఉండేది. కుంకుళ్ళు, తేనె, యర్రగొండపాలెం పక్కన నల్లమలలో చెంచు కుటుంబాలు తవ్వి తెచ్చే వేర్లు. ఆ వేర్లలో సర్పగంధి అని ఒక చేదు వేరు గోనెలకు గోనెలు మందుల కంపెనీలకు పోయేది. నేను దిగిన సాయంత్రం, నడుముకు తాళాలగుత్తి వేలాడేసుకున్న బొద్దుపాటి మనిషి మెట్ల కింద నిలబడి అరిచాడు.

"ఏం పని చేస్తావబ్బయ్యా నువ్వు?"

"మనుషుల స్వభావం కొలుస్తానండీ, శెట్టిగారూ."

"తూకంతోనా, మానికతోనా?"

"ప్రశ్నలతో."

"ఓర్నీ! నేను గూడా ఆ పనే గదా చేసేది. ఎంతకిస్తావని వాడడుగుతాడు, ఎంతకు కొంటావని నేనడుగుతా. ఇద్దరి సొబావమూ బయటపడేదాకా వదలం. ఇంకోమాట. శెట్టిగారూ అని పన్నులాఫీసోళ్ళు పిలుస్తారు. ఆ మాటిని నా గుండె జారిపోతుండాది. మామా అను."

నాకు నోరు తిరగలేదు. 'గారు' మా వైపు మనుషులకు పుట్టుమచ్చ లాంటిది, తుడిస్తే పోదు. శెట్టిగారు శెట్టిగారుగానే ఉండిపోయాడు. ఆయన భార్య రంగమ్మ మాత్రం మొదటి రోజే నాకు మజ్జిగ పోసి, "ఆయన మాటలు పట్టించుకోబాక నాయనా. ఆయనకు నోరు లేకుంటే దుకాణం లేదు, దుకాణం లేకుంటే నోరు లేదు" అంది.

ఆ నోటి గొప్పతనం బేరంలో చూడాలి. ఆయన చెప్పిన ధర ఎవరూ ఇచ్చేవాళ్ళు కాదు, ఇస్తారని ఆయనా అనుకునేవాడు కాదు. పామూరు నుంచి వచ్చిన చిల్లర వ్యాపారి, "ఏం శెట్టి మామా, పలకలు అమ్ముతుండావా, బంగారు రేకులా?" అని మొదలుపెట్టేవాడు. "బంగారమైతే నీకెందుకు చూపిస్తా అల్లుడూ, మీ ఆడోళ్ళకు చూపిస్తా" అనేవాడు శెట్టి. ఒకడు దుకాణం దిగి పోతున్నట్టు నటించాలి, ఒకడు పోనిస్తున్నట్టు నటించాలి. వెనక్కి పిలవాలి. అంతా అయ్యాక ఇద్దరూ అనుకున్న ధరకే సరుకు చేతులు మారేది. ఒకసారి నేను కుంకుళ్ళకు అడిగినంతా ఇచ్చేసి మెట్లెక్కబోతే, శెట్టి నా చొక్కా పట్టుకొని ఆపాడు.

"ఏందిది? బేరం చేయవా?"

"మీరు చెప్పారుగా ధర."

"చెప్తాను. నేను చెప్పేది ధరా? పలకరింపు. బేరం లేకుండా కొనేది చావు సరుకొక్కటేనబ్బయ్యా. పాడె కట్టను వెదుర్లు కొనేటప్పుడు బేరమాడరు. నా మొగాన డబ్బులు పడేసి పోతే, నేను సచ్చినట్టా, నువ్వు సచ్చినట్టా?"

నిజంగానే బాధపడ్డాడు. ఆ తరువాత ప్రతిసారీ బేరమాడాను, ప్రతిసారీ ఓడిపోయాను. నా దగ్గర అసలుకన్నా ఎక్కువ గుంజి, "నేర్చుకున్నందుకు జీతం" అనేవాడు. ఏదో ఒక రోజు ఈ శెట్టి మీద పగ తీర్చుకోవాలని మనసులో ముడివేసుకున్నాను.

ఆయన దగ్గర నేను నేర్చుకున్న అసలు విద్య వేరే. పొద్దున్నే దుకాణం తెరిచాక, పెట్టెల్లో సర్దే ముందు, ప్రతి పలకనూ చెవి దగ్గర పట్టుకొని కణుపుతో తట్టేవాడు. మంచి పలక టంగుమంటుంది. లోపల బీట ఉన్నది బద్‌మంటుంది. పలకనిది పలకే కాదు. అయితే మొదటి పలకను తట్టే ముందు, గల్లాపెట్టె పక్కన గోడకు ఆనించి ఉన్న ఒక పాత పలకను తట్టేవాడు. చట్రం కూడా లేని నల్లటి పలక. దాని మీద ఎవరూ ఏనాడూ ఏమీ రాయలేదు. దాన్ని చెవి పలక అనేవాడు.

"రోజూ దాన్నెందుకు తడతారు? అది మంచిదని తెలుసుగా?" అని అడిగాను.

"దానికోసం కాదబ్బయ్యా, నా చెవి కోసం. రాత్రంతా నిద్రపోయిన చెవి. మంచిదెట్ల పలుకుతుందో ముందు ఇనకపోతే, చెడ్డది గూడా మంచిగానే ఇనపడుతుంది. అయినా ఇంకోటి చెప్తా. ఇప్పుడెట్ల పలుకుతుండాదో ఎవడైనా ఇంటాడు. ముందెట్ల పలికిందో గుర్తుండాల. అదీ యాపారం."

నేను నవ్వి మెట్లెక్కాను. చదువుకున్నవాణ్ణి కదా.

పరిశోధనకు శెట్టినీ లెక్కలో చేర్చుకున్నాను. మా ప్రశ్నలు ఏదో దూరదేశంలో పుట్టి, ఇంగ్లీషు నుంచి తెలుగులోకి కుంటుకుంటూ నడిచొచ్చినవి. అవును, కాదు, చెప్పలేను అన్న మూడింటిలో ఒకటే చెప్పాలి. శెట్టికి ఒక్క మాటతో ఊరుకోవడం చేతకాదు.

"మీకు విందులకు వెళ్ళడం ఇష్టమేనా?"

"ఎవరింట్లో? ఏం పెడుతుండారు?"

"ఎక్కడైనా సరే."

"ఎక్కడైనా అంటే ఎట్ల? మా తోడల్లుడింటికైతే ఇంట్లో తినిపోవాల."

"కొత్తవాళ్ళతో తేలిగ్గా మాట్లాడగలరా?"

"కొత్తోళ్ళే మేలబ్బయ్యా. పాతోళ్ళయితే అప్పడుగుతారు."

"కారణం లేకుండా మీకు దిగులు కలుగుతుందా?"

"కారణాలున్న దిగుళ్ళే తీరిగ్గా పడను కుదరకుండా ఉండాది. ఇంక ఉత్త దిగుళ్ళు గూడానా!"

రంగమ్మ లోపలి నుంచి నవ్వడం వినిపించింది. మార్కులు వేస్తే, మా కొలతలో అంతకన్నా కలుపుగోలు మనిషి ఉండడానికి వీల్లేదు. ఆ రాత్రి చాలాకాలం తర్వాత నాకు హాయిగా నిద్రపట్టింది.

ఎండలు ముదిరేసరికి శెట్టికి తలనొప్పులు మొదలయ్యాయి. ఒకరోజు పెట్టె ఎత్తబోయి కళ్ళు తిరిగి కూలబడ్డాడు. ఊళ్ళో వైద్యం చేసే డాక్టరు గారు నెమ్మదస్తుడు, అందరికీ గురి ఉన్న మనిషి. నేనే తీసుకుపోయాను. చేతికి పట్టీ చుట్టి చూసి రక్తపోటు చాలా ఉందన్నాడు. తెల్లటి చిన్న మాత్రలు రాసిచ్చి, "భయపడకండి శెట్టిగారూ, ఇది పరాయి మందు కాదు. మీ కొట్లో ఉండే సర్పగంధే, కంపెనీకి పోయి మాత్రగా తిరిగొచ్చింది. దేశమంతా వాడుతున్నారు" అన్నాడు. శెట్టి మాత్రను అరచేతిలో పెట్టుకొని మురిసిపోయాడు. "చూస్తివా అబ్బయ్యా, నా చేతి మీద పోయిన సరుకు. అల్లుడై వచ్చింది ఇంటికి." ఆ రోజు నుంచి మాత్రలు అయిపోయినప్పుడల్లా మందుల షాపు నుంచి తెచ్చిచ్చే పని నేనే మీద వేసుకున్నాను. నాకూ ఒక ఇంట్లో ఒక పని ఉందన్న సంబరం.

తలనొప్పులు పోయాయి. ఆ తర్వాత జరిగింది ఎంత నెమ్మదిగా జరిగిందంటే, ఫలానా రోజు అని చెప్పలేను. మొదట మెట్ల కింది నుంచి కేకలు తగ్గాయి. చదువుకోవడానికి ప్రశాంతంగా ఉందని సంతోషించాను కూడా. తరువాత పాటలాగా సాగే ఆ బేరాలు పొట్టివయ్యాయి. ఒకరోజు పామూరు వ్యాపారి వచ్చి, "ఏం శెట్టి మామా, పలకలా, బంగారు రేకులా?" అని మొదలుపెడితే, శెట్టి తలెత్తకుండా "నీకు తోచింది ఇచ్చి తీసుకపో" అన్నాడు. ఆ వ్యాపారి తానే ఒక ధర కట్టి, వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి దండం పెట్టాడు.

తప్పు అక్కడ మొదలైంది. బజారు మొత్తం చేసింది ఆ తప్పు. బేరమాడని శెట్టిని ఆ ఊరు అంతకుముందు చూడలేదు. ధర అడిగితే నవ్వనూ నవ్వడు, కోప్పడనూ కోప్పడడు, డబ్బు లెక్క చూసుకోడు, ఎటో చూస్తూ కూర్చుంటాడు. అది వైరాగ్యం కాక ఇంకేమిటి? చెన్నకేశవస్వామి కరుణించాడన్నారు. పేరులోనే దేవుడున్నాడు కదా అన్నారు. కొందరు ఆడవాళ్ళు పసిపిల్లల్ని తెచ్చి ఆయన చేత కొత్త పలక ఇప్పించుకునేవాళ్ళు. బోణీ అయ్యాక కాళ్ళకు మొక్కేవాళ్ళు. ఆయన కాళ్ళు వెనక్కి తీసుకునేవాడు కాదు, దీవించేవాడూ కాదు.

రెండోసారి ప్రశ్నలడిగే సమయం వచ్చింది. విందులిష్టమా అంటే "ఏమో" అన్నాడు. కొత్తవాళ్ళతో మాట్లాడగలరా అంటే "ఏం మాట్లాడేది" అన్నాడు. కారణం లేకుండా దిగులు కలుగుతుందా అన్నప్పుడు చాలాసేపు నా మొహంలోకి చూసి, "నీ ఇష్టమబ్బయ్యా, ఏదో ఒకటి రాసుకో" అన్నాడు. నేను రాసుకున్నాను. ఎక్కడా అడ్డం తగలకుండా, ఎదురు ప్రశ్న లేకుండా, పని అంత త్వరగా ఎన్నడూ కాలేదు. మార్కులు పూర్తిగా తిరగబడ్డాయి. మనిషి ఇంతలో ఇంత మారడు గనక, మొదటిసారి హాస్యాలాడి నన్ను తప్పుదోవ పట్టించాడనీ, ఇప్పుడు కనపడుతున్నదే అసలు స్వభావమనీ, వయసుతో పైపూత రాలి లోపలి నెమ్మది బయటపడిందనీ రాశాను. గల్లాపెట్టె పక్కన చెవి పలక మీద దుమ్ము పేరుకుంటోందని కూడా చూశాను. అది ఏ ప్రశ్నలోనూ లేదు గనక రాయలేదు.

ఒక మధ్యాహ్నం రంగమ్మ మెట్ల మీద కూర్చొని ఉంది. నన్ను చూసి కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"ఊరంతా ఆయన కాళ్ళకు మొక్కుతుండారు నాయనా. నన్ను తిట్టి ఎన్నాళ్ళయిందో తెలుసా ఆయన?"

"మంచిదేగా అమ్మా. శాంతం వచ్చింది."

"శాంతమా? కూరలో ఉప్పెయ్యడం మర్చిపోయినా మొన్న. తినిపోయినాడు. ఇంట్లో ఇద్దరముండాము, నేనొక్కదాన్నే ఉండా. బేరం లేకుండా అమ్మేది చావు సరుకొక్కటేనని ఆయనే గదా అనేది?"

చదువుకున్నవాడి పద్ధతిలో ఆమెను ఓదార్చాను. ఏం చెప్పానో గుర్తులేదు. గుర్తుంటే సిగ్గు ఇంకా ఎక్కువయ్యేది.

వానలు మొదలవుతుండగా యర్రగొండపాలెంలో రంగమ్మ తమ్ముడి ఇంట్లో పెళ్ళికని ఇద్దరూ వెళ్ళారు. వాగులు పొంగి బస్సులు ఆగిపోయాయి. తరువాత తమ్ముడికి జ్వరమని, చేలో పని ఉందని, వారానికని పోయిన మనుషులు వానాకాలం ముగిశాక తిరిగొచ్చారు. నేను గదిలో ఉండగా, కింద బస్సు దిగిన చోట గొడవ వినిపించింది. సామాను దించిన కూలీతో ఎవరో బేరమాడుతున్నారు.

"పెట్టె దించినావా, నన్ను గూడా ఎత్తుకొని దించినావా? ఇంత అడుగుతుండావు!"

కిటికీలోంచి చూస్తే శెట్టి. చిక్కాడు, నల్లబడ్డాడు, కానీ గొంతు పాత గొంతు. నన్ను చూసి, "ఏందబ్బయ్యా, ఇంకా ఊళ్ళోనే ఉండావా? మా సొబావాలు కొలవడం కాలేదా? మానిక పగిలిందా?" అన్నాడు. వెనకాల రంగమ్మ ముఖం విప్పారి ఉంది.

ఆ క్షణంలో నాకు కలిగింది సంతోషం కాదు. చిరాకు. నా పరిపక్వ పురుషుడు నా కాగితాల్లోంచి లేచి కూలీతో బేరమాడుతున్నాడు. మర్నాడే డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. ఊరెళ్ళిన కొత్తలోనే మాత్రలు అయిపోయాయని, అక్కడ దొరకలేదని, తరువాత మర్చేపోయానని చెప్పాడు శెట్టి. రక్తపోటు మళ్ళీ పైకెక్కి ఉంది. డాక్టరు మందలించాడు. తిరిగి మొదలుపెట్టమన్నాడు. ఆ సాయంత్రం మాత్రలు తెచ్చి, మంచినీళ్ళ చెంబుతో సహా నా చేత్తోనే అందించాను.

మళ్ళీ గొంతు తగ్గడం ఈసారి విన్నాను. విన్నానే గాని, అర్థం చేసుకోలేదు. చలికాలం వచ్చేసరికి శెట్టి మళ్ళీ గల్లాపెట్టె దగ్గర శిలలా కూర్చున్నాడు, జనం మళ్ళీ మొక్కడం మొదలుపెట్టారు. ఒకరోజు పొద్దున రంగమ్మ పరుగున మెట్లెక్కి వచ్చింది. ఆమె చేతిలో తాళాలగుత్తి ఉంది. పెళ్ళయిననాటి నుంచి శెట్టి నడుము దిగని గుత్తి అది.

"దేవుడి గూట్లో పెట్టి పోయినాడు నాయనా. చెప్పులు గూడా వేసుకోలేదు. పలక గనుల దిక్కు పోతుంటే చూసినారంట."

ఆ దారిలో ఎలా పరుగెత్తానో తెలియదు. ఊరి బయట, పని ఆపేసిన పాత గని ఒకటుంది. లోతుగా తవ్వి వదిలేస్తే వాననీళ్ళు నిండి నల్లగా ఉండేది. ఆ ఒడ్డున రాతి చెక్కల గుట్ట మీద శెట్టి కూర్చొని ఉన్నాడు. నేను రావడం చూసి కూడా చూడనట్టే ఉన్నాడు. నా దగ్గరున్న ప్రశ్నల్లో ఒక్కటీ అక్కడికి పనికొచ్చేది కాదు. పక్కన కూర్చున్నాను.

"మామా" అన్నాను. అదే మొదటిసారి.

ఆ పిలుపుకేమో, తల కొంచెం తిప్పాడు. "ఎందుకొచ్చినావబ్బయ్యా? చలిగా ఉండాదిక్కడ."

"ఇంటికి పోదాం మామా. అత్త ఏడుస్తోంది."

"ఏడుస్తుందని తెలుసు. బాధపడాల గదా నేను? పడటంలేదు. అందరూ నాకు దేవుడు కనపడినాడంటుండారు. నాకు దేవుడూ లేడు, దయ్యమూ లేదు. లోపల ఎవరూ లేరబ్బయ్యా. తట్టి చూసుకున్నా. బద్‌మంటుండాది." నీళ్ళలోకి చూస్తూ, "పెండ్లికి పోయినప్పుడు కొన్నాళ్ళు బాగా పలికింది. మళ్ళీ యాడికో పోయింది" అన్నాడు.

ఆ మాట అక్కడే నీళ్ళ మీద తేలుతున్నట్టు ఉండిపోయింది. పెళ్ళికి పోయినప్పుడు పలికింది. అంతకుముందు పలకలేదు. దానికి ముందు, వేసవికి ముందు, ఊరంతా వినపడేలా పలికింది. ముందెట్ల పలికిందో గుర్తుండాల, అదీ యాపారం. గుర్తుండడమేం ఖర్మ, నా పెట్టెలో మార్కులతో సహా ఉంది. నేనే అది తప్పని కొట్టేశాను. పలికిన రోజుల్లో లేనిదీ, పలకని రోజుల్లో ఉన్నదీ ఒక్కటే. దాన్ని నా చేత్తో, చెంబుడు నీళ్ళతో అందించాను.

"మామా, పెళ్ళికి పోయినప్పుడు మాత్రలు లేవు."

ఆయన నా వైపు తిరిగాడు. "నా సరుకబ్బయ్యా అది" అన్నాడు, ఎవరో సొంత మనిషి మీద నింద వేసినట్టు. "నా చేతి మీద పోయింది."

"పోయిన సరుకే మామా. తిరిగొచ్చిందాన్ని తట్టి చూశావా నువ్వు?"

నేను చెయ్యి పట్టుకొని లేపితే లేచాడు. కాళ్ళకు గుచ్చుకునే రాళ్ళ మీద నడవలేక నా భుజం పట్టుకున్నాడు. ఆ బరువు నాకు ఇప్పటికీ గుర్తే. ఆ రోజు నుంచి కొన్నాళ్ళపాటు ఆయన్ను మేమిద్దరం, రంగమ్మా నేనూ, ఒక్క గంట కూడా ఒంటరిగా వదల్లేదు.

డాక్టరు మొదట ఒప్పుకోలేదు. "మాత్ర రక్తపోటుకు వేసిందయ్యా, బుద్ధికి కాదు" అన్నాడు. గని ఒడ్డు సంగతి చెప్పాక కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "ఇలాంటిది జరుగుతుందని ఎక్కడో ఎవరో అన్నట్టు విన్నాను. వేల మందికి బాగానే ఉంటోంది కదా అని పట్టించుకోలేదు" అన్నాడు. ఆయన మంచివాడు కాబట్టి ఆ మాట అనగలిగాడు. మాత్ర ఆపి, వేరే మందు మొదలుపెట్టి, ఉప్పు బాగా తగ్గించి, తరచూ తన దగ్గరికి తీసుకురమ్మన్నాడు. "మనసు తిరిగి రావడానికి టైం పడుతుంది. తొందరపడకండి" అన్నాడు.

టైం పట్టింది. రోజూ పొద్దున నేను చెవి పలకను తుడిచి, తట్టి, ఆయన చేతికి ఇచ్చేవాణ్ణి. పట్టుకొని ఊరుకునేవాడు. ఒకరోజు భోజనాల దగ్గర ఉన్నట్టుండి కంచం అవతలికి తోశాడు. "ఏందే ఇది, కూరా, గడ్డా? ఉప్పు లేదు, పాడు లేదు! డాక్టరు నాకు చెప్పింది తగ్గించమనా, సంపమనా?" రంగమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకొని వంటింట్లోకి పోయి భోరుమంది. శెట్టి కంగారుపడి, "ఏమైందబ్బయ్యా దానికి? రోజూ తిట్టే తిట్టే గదా?" అన్నాడు. ఆ మరుసటి వారం, మొక్కడానికి వంగిన మనిషిని చూసి, "లెయ్యరా! నా కాళ్ళకాడ ఏం రాలిపోయిందని ఎతుకుతుండావు?" అని గదమాయించాడు. బజారంతా నిరాశపడింది. చేతికందిన సాధువు మళ్ళీ శెట్టి అయిపోయాడు.

జరిగిందంతా మా ఆచార్యుడికి రాశాను. మందు మింగిన మనిషి వల్ల మొత్తం లెక్క చెడుతుంది గనక అతన్ని లెక్కలోంచి తీసేయమని జవాబు వచ్చింది. లెక్క బాగుంది, మనిషి పోయాడు. ఆ తరువాత నాకు ఆ లెక్కల మీద మనసు నిలవలేదు. ముప్పై ఏళ్ళు మానసిక చికిత్సాలయంలో పనిచేశాను. ఎవరు వచ్చినా నేను మొదట అడిగేవి రెండే. ఏమేం మింగుతున్నారు? ముందు ఎట్ల ఉండేవాడు? రెండోది రోగిని కాదు, వెంట వచ్చినవాళ్ళను అడిగేవాణ్ణి. చాలామంది ఆ ప్రశ్నకు ఏడ్చేవాళ్ళు. ఎవరూ వెంట రాని మనుషులు కూడా వచ్చేవాళ్ళు. వాళ్ళు ముందు ఎట్ల పలికేవాళ్ళో చెప్పడానికి లోకంలో ఒక్కరూ లేరు. అంతకన్నా ఒంటరితనం నేను చూడలేదు. ఈమధ్య నేనూ రక్తపోటుకు మాత్ర వేసుకుంటున్నాను. వేసుకున్నాక ఒక్కోసారి మంచం అంచున కూర్చొని, నేను ముందు ఎట్ల ఉండేవాణ్ణో చెప్పగలవాళ్ళు ఎవరున్నారా అని లెక్కపెడతాను. లెక్క తొందరగానే అయిపోతుంది. శెట్టి మాత్రం ఆ తరువాత చాలా ఏళ్ళు బతికాడు, చివరిదాకా బజారుకంతా వినపడుతూనే పోయాడట.

ఇక నా పగ సంగతి. మార్కాపురం వదిలిపెట్టే రోజు, బస్సు ఎదురుగా ఆగి ఉంది. పెట్టె పైన వేశారు. దుకాణంలోకి వెళ్ళి గల్లాపెట్టె పక్కకు వేలు చూపించాను.

"మామా, ఆ చెవి పలక ఎంత?"

శెట్టి కళ్ళు మెరిశాయి. చాలారోజులకు దొరికిన బేరం. అమ్మకానికి కాదని చెప్పకుండా, ఆ ధరకు దుకాణంలో సగం సరుకు వస్తుందనిపించేంత ధర చెప్పి, మీసం సర్దుకొని, గల్లాపెట్టె మీదికి వంగి కూర్చున్నాడు. ఇక నేను నవ్వాలి, తిట్టాలి, దిగిపోవాలి, ఆయన వెనక్కి పిలవాలి. నేను బేరమే ఆడలేదు. నా ఆఖరి జీతం తీసి, ఆయన చెప్పినంతా గల్లాపెట్టె మీద పెట్టి, పలకను చంకన పెట్టుకొని, నెమ్మదిగా నడిచి బస్సెక్కాను.

బస్సు కదులుతుండగా వినిపించింది.

"ఓరి నీ! ఏందిరా ఇది? బేరం చేయవా? నేనేమన్నా సచ్చినానా, పాడె వెదుర్లు కొనుకపోతుండావా? దిగరా! సగానికిస్తా! ఓరబ్బయ్యా, సగంలో సగానికిస్తా! ఆపవయ్యా డ్రైవరూ!"

కిటికీలోంచి తల బయటపెట్టి చూశాను. పంచె ఎగ్గట్టుకొని, నడుమున తాళాలగుత్తి గలగలలాడుతుంటే, గుప్పిట్లో నా డబ్బు ఊపుతూ, బజారంతా వినపడేలా నన్ను తిడుతూ, చెన్నకేశవులు మామ బస్సు వెంట పరుగెత్తుతున్నాడు. నేను ఒళ్ళో పలకను చెవి దగ్గరికి ఎత్తుకొని, కణుపుతో ఒక్కసారి తట్టాను.